యాంటీడిప్రెసెంట్లు: ఆధారపడటం, విరమణ లక్షణాలు

డిప్రెషన్‌కు, తీవ్రమైన ఆందోళనకు ఇచ్చే మందులను కొన్ని వారాలు వాడాక ఉన్నట్టుండి ఆపేసినా, వేగంగా తగ్గించినా కొందరికి తలతిరుగుడు, వికారం, నిద్రలేమి, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్లనిపించడం వంటి ఇబ్బందులు వస్తాయి. వీటిని యాంటీడిప్రెసెంట్ విరమణ లక్షణాలు అంటారు. ఇవి వస్తాయన్న సంగతి వైద్య పత్రికల్లో 1959 నుంచీ ఉంది. ఎంతమందికి వస్తాయి, ఎంత తీవ్రంగా వస్తాయి, ఎన్నాళ్లుంటాయి అన్న విషయాల మీద మాత్రం వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ వాదన అన్నిటికన్నా గట్టిగా నడిచింది బ్రిటన్‌లో. అందుకే ఈ వ్యాసంలో అక్కడి చరిత్రకు ఎక్కువ చోటు దక్కింది.

వ్యసనమా, ఆధారపడటమా

మాత్ర రాయగానే రోగి, రోగికన్నా ముందు ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది అలవాటైపోదు కదా డాక్టరుగారూ?" దీనికి నికరమైన జవాబు ఒక్క మాటలో రాదు.

సారాయి, నల్లమందు వంటి వాటి వ్యసనంలో మత్తు కోసం తహతహ ఉంటుంది. మోతాదు పెరుగుతూ పోతుంది. దాని చుట్టూ అప్పులు, అబద్ధాలు అల్లుకుంటాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న యాంటీడిప్రెసెంట్లు దాదాపు వేటిలోనూ ఈ లక్షణాలు లేవు. మాత్ర వేసుకున్న అరగంటకు హుషారు పుట్టదు. అసలు గుణం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ లెక్కన ఇవి వ్యసనం కలిగించే మందులు కావు. ఇందుకు మినహాయింపుగా చెప్పుకోవలసింది టయానెప్టిన్. అది నల్లమందు జాతి మందులు పనిచేసే గ్రాహకాల మీదే పనిచేస్తుంది కాబట్టి దుర్వినియోగమైన దాఖలాలున్నాయి.

అయితే వ్యసనం లేనంత మాత్రాన ఆధారపడటం లేదని కాదు. ఏ మందైనా నెలల తరబడి వాడితే శరీరం దానికి సర్దుకుంటుంది. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లను, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లను కూడా ఉన్నపళాన ఆపకూడదు. వాటిని వాడేవారిని ఎవరూ వ్యసనపరులనరు. మందుల శాస్త్రం దీన్ని శారీరకంగా ఆధారపడటం అంటుంది. యాంటీడిప్రెసెంట్లలో ఇది ఉంది. వ్యసనం కాదని గట్టిగా చెప్పి, ఆధారపడటం గురించి నోరు మెదపకపోవడమే ముప్పై ఏళ్ల గొడవకు మూలం.

శరీరంలో ఏం జరుగుతుంది

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు నాడీకణాల మధ్య విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే రవాణా ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. కణాల మధ్య సెరటోనిన్ నిల్వ పెరిగేసరికి, దానికి తగ్గట్టు కొన్ని గ్రాహకాల స్పందన తగ్గుతుంది. మందు హఠాత్తుగా పోతే సెరటోనిన్ తగ్గుతుంది గానీ, గ్రాహకాలు పాత స్థితికి రావడానికి సమయం పడుతుంది. ఈ నడిమి కాలంలోనే బాధ. సెరటోనిన్‌కు మెదడులోనే కాక పేగుల్లోనూ, నిద్ర, సమతూకం, చెమట వంటి వ్యవహారాల్లోనూ పాత్ర ఉంది కాబట్టి లక్షణాలు ఒళ్లంతా కనిపిస్తాయి.

మందు ఒంట్లోంచి ఎంత వేగంగా పోతుందన్నది చాలావరకు ఫలితాన్ని నిర్ణయిస్తుంది. వెన్లఫాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు, దాని ఉత్పన్నానికి 11 గంటలు చాలు. అందుకే పొద్దుటి మాత్ర మరిచిపోయినవారికి సాయంత్రానికే తేడా తెలుస్తుంది. పారోక్సెటిన్‌కు దాదాపు ఒక రోజు. పైగా అది తనను విరగ్గొట్టే కాలేయపు ఎంజైమునే అడ్డుకుంటుంది. మోతాదు తగ్గే కొద్దీ ఆ అడ్డు తొలగి, మిగిలిన మందు మరింత త్వరగా ఖాళీ అవుతుంది. ఫ్లూఆక్సెటిన్ దీనికి పూర్తి విరుద్ధం. ఒంట్లో దాన్నుంచి పుట్టే ఉత్పన్నం వారాల తరబడి ఉండి తనంతట తానే మెల్లగా తగ్గుతుంది.

లక్షణాలు

సాధారణంగా ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలవుతాయి. ఫ్లూ జ్వరం వచ్చినట్లు ఒళ్లు నొప్పులు, చెమటలు, వికారం, కాళ్లు తేలిపోతున్నట్లు నడక, పీడకలలు, కారణం లేని ఏడుపు, ఆందోళన, చిన్న శబ్దానికే ఉలికిపాటు ఉంటాయి. ఇవేవీ ఈ మందులకే ప్రత్యేకం కావు. ప్రత్యేకమైనదల్లా ఇంగ్లిషులో 'బ్రెయిన్ జాప్' అని పిలిచే అనుభవం. తల లోపల క్షణకాలం కరెంటు పాకినట్లుంటుంది. కళ్లను పక్కకు తిప్పినప్పుడు అది ఎక్కువగా వస్తుందని వాడినవారు చాలామంది చెబుతారు. కొందరికి దాంతో పాటు చెవిలో 'షూ' మన్న శబ్దం కూడా వినిపిస్తుంది. ఇది ఎందుకొస్తుందో స్పష్టమైన వివరణ లేదు, ప్రమాదకరమన్న ఆధారమూ లేదు. తెలియనివారికి మాత్రం పక్షవాతం వస్తోందేమోనన్నంత భయం పుడుతుంది.

గర్భిణులు చివరి నెలల్లో ఈ మందులు వాడితే, పుట్టిన బిడ్డల్లో కొందరికి తొలి రోజుల్లో వణుకు, చికాకు, పాలు సరిగ్గా తాగకపోవడం కనిపించవచ్చు. చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఈ కారణంతో గర్భిణి తనంతట తాను మందు మానేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ.

బ్రిటన్ కథ

ఈ వర్గపు తొలి మందుల్లో ఒకటి ఇమిప్రమిన్. స్విట్జర్లాండ్‌లోని మ్యున్‌స్టర్‌లింగెన్ చికిత్సాలయంలో రోలాండ్ కూన్ దాన్ని రోగులకిచ్చి, 1957లో ఫలితాలు ప్రచురించాడు. రెండేళ్లు తిరిగేసరికి, అది ఆపినవారికి వికారం, తలనొప్పి, నీరసం వస్తున్నాయన్న నివేదికలూ వచ్చాయి. అవి మూలన పడ్డాయి.

1980ల్లో బ్రిటన్‌ను కుదిపింది వేరే మందుల వ్యవహారం. అంతకు ముందు రెండు దశాబ్దాలు డాక్టర్లు ధారాళంగా రాసిన వేలియం తరహా బెంజోడయాజెపిన్లు పట్టుకుంటే వదలవని అప్పుడు బయటపడింది. న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్ల పాటు వాటిని మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. ఆ చేదు ఇంకా నాలుక మీద ఉండగానే ఫ్లూఆక్సెటిన్ ప్రోజాక్ పేరుతోనూ, 1991లో పారోక్సెటిన్ సెరోక్సాట్ పేరుతోనూ వచ్చాయి. 1992లో అక్కడి మానసిక వైద్యుల రాయల్ కాలేజీ, కుటుంబ వైద్యుల రాయల్ కాలేజీ కలిసి డిప్రెషన్‌ను ఓడిద్దాం అంటూ పెద్ద ప్రచారం మొదలుపెట్టాయి. దానికి ముందు జరిపిన సర్వేలో 78 శాతం మంది సామాన్య జనం ఈ మందులు వ్యసనమవుతాయని నమ్ముతున్నట్టు తేలింది. దీన్ని అపోహగా లెక్కగట్టి, ఇవి వ్యసనం కావని రోగులకు స్పష్టంగా చెప్పాలని డాక్టర్లకు బోధించారు. జనం వాడిన మాట తప్పే గానీ, వారి అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఆ సందు చూసి సరిచేయవలసిన చోట వైద్యరంగం అనుమానాన్నే కొట్టిపారేసింది.

1996లో ఎలీ లిల్లీ కంపెనీ ఖర్చుతో అమెరికాలో నిపుణుల సమావేశం జరిగింది. దాని పత్రాలు మరుసటి ఏడాది అచ్చయ్యాయి. బెంజోడయాజెపిన్లను గుర్తు చేసే 'విత్‌డ్రాయల్' పక్కకు పోయి, 'డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్' అన్న మెత్తటి పేరు వైద్య సాహిత్యంలో పాతుకుపోయింది. 1998లో అదే కంపెనీ సొమ్ముతో జరిగిన పరిశోధనలో, మందును 5 నుంచి 8 రోజులు ఆపి చూస్తే ఫ్లూఆక్సెటిన్ వాడేవారిలో 14 శాతం, సెర్ట్రలిన్ వాడేవారిలో 60 శాతం, పారోక్సెటిన్ వాడేవారిలో 66 శాతం మందికి లక్షణాలు వచ్చాయి. ఫ్లూఆక్సెటిన్ లిల్లీ సరుకు, మిగతా రెండూ పోటీదారులవి. వ్యాపార స్పర్ధ పుణ్యమా అని ఒక నిజం లెక్కలతో సహా బయటికొచ్చిందన్నమాట.

సెరోక్సాట్ పెట్టెలోని కరపత్రం మాత్రం ఈ మందుకు బానిస కావడమన్నది ఉండదని చాలాకాలం అభయమిస్తూ వచ్చింది. 2002 అక్టోబరులో బీబీసీ 'పనోరమా' కార్యక్రమం ఆ మందు మీద ఒక కథనం ప్రసారం చేసింది. ప్రేక్షకుల నుంచి ఫోన్లు, ఈమెయిళ్లు వెల్లువెత్తాయి. వాటిలో 1,374 ఈమెయిళ్లను చార్లెస్ మెడవార్, ఆండ్రూ హెర్క్స్‌హైమర్ బృందం చదివి విశ్లేషించింది. తలలో కరెంటు షాకుల గురించి ఒకరికొకరు తెలియని వందల మంది ఇంచుమించు ఒకే తీరులో రాశారు. డాక్టర్లు నింపి పంపే ఫారాల్లో ఇదే విషయం 'తలతిరుగుడు' వంటి పొడి మాటల్లో కలిసిపోయి ఉంది. మందు చెడుగుణాలను నమోదు చేయడంలో రోగి సొంత మాటకు విలువ పెరగడానికి ఈ విశ్లేషణ దోహదం చేసింది. 2003లో సెరోక్సాట్ తయారీ కంపెనీ కరపత్రం మార్చింది.

అయినా ప్రభుత్వ చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే 'నైస్' సంస్థ 2009 మార్గదర్శకాల్లో, లక్షణాలు మామూలుగా తేలికపాటివనీ, వారం రోజుల్లో వాటంతటవే పోతాయనీ ఉంది. మందు హఠాత్తుగా ఆపితే తీవ్రం కావచ్చన్న హెచ్చరిక పక్కనే ఉన్నా, డాక్టర్ల మనసులో నాటుకున్నది 'వారం' అన్న మాటే. నెల దాటినా తల తిరుగుతోందని వచ్చిన రోగికి "అది మందు ఆపినందుకు కాదు, నీ జబ్బే మళ్లీ వచ్చింది" అన్న జవాబు, దానితో పాటు అదే మందు మళ్లీ దక్కేవి.

2018 ఫిబ్రవరిలో 522 ప్రయోగాలను, 1,16,477 మంది రోగులను కలిపి లెక్కించిన అధ్యయనం 'లాన్సెట్'లో వచ్చింది. పరిశీలించిన 21 యాంటీడిప్రెసెంట్లూ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేనని తేల్చింది. ఆ సందర్భంలో మానసిక వైద్యుల రాయల్ కాలేజీ అధ్యక్షురాలు వెండీ బర్న్, ప్రొఫెసర్ డేవిడ్ బాల్డ్విన్ 'టైమ్స్' పత్రికకు లేఖ రాస్తూ, విరమణ లక్షణాలు అత్యధికులకు రెండు వారాల్లోపే తగ్గిపోతాయన్నారు. ఆధారం చూపమంటూ రోగులు, వైద్యులు, విద్యావేత్తలు కలిసి ఫిర్యాదు చేశారు. చివరికి 2019 మేలో రాయల్ కాలేజీయే వైఖరి మార్చుకుని, కొందరిలో ఇవి తీవ్రంగా, చాలాకాలం ఉండవచ్చని ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో నైస్ 'వారం' అన్న వాక్యాన్ని సవరించింది. అప్పటికే 2017-18లో ఇంగ్లండులో 73 లక్షల మంది, అంటే వయోజనుల్లో 17 శాతం, ఈ మందులు తీసుకున్నారని ప్రజారోగ్య శాఖ లెక్క.

ఎంతమందికి

అంకెలు ఎవరు లెక్కపెట్టారన్న దాన్ని బట్టి మారుతున్నాయి. జేమ్స్ డేవిస్, జాన్ రీడ్ 2019 సమీక్షలో 56 శాతం మందికి లక్షణాలు వస్తాయని, వారిలో దాదాపు సగం మంది తీవ్రమైనవని చెప్పారని రాశారు. వారు తీసుకున్న అధ్యయనాల్లో ఆన్‌లైన్ సర్వేలున్నాయి. బాధపడినవారే అలాంటి సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు కాబట్టి అంకె ఉబ్బి ఉండవచ్చు. 2024లో హెన్స్‌లర్ బృందం 'లాన్సెట్ సైకియాట్రీ'లో 79 అధ్యయనాలను, 21,002 మందిని లెక్కించింది. మందు ఆపినవారిలో 31 శాతం మందికి లక్షణాలు కనిపించాయి. ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలోనూ 17 శాతం మందికి కనిపించాయి. అంటే ఆరేడుగురిలో ఒకరికి మందు వల్లనే అనుకోవాలి. తీవ్రమైనవి సుమారు 35 మందిలో ఒకరికి. ఈ లెక్కకూ లోపముంది. ఇందులోని చాలా ప్రయోగాల్లో రోగులు మందు వాడింది కొన్ని వారాలో, నెలలో మాత్రమే. ఐదేళ్లు, పదేళ్లు వాడినవారి సంగతి ఇలాంటి ప్రయోగాల్లో తేలదు. 2025లో 'జామా సైకియాట్రీ'లో వచ్చిన మరో సమీక్ష లక్షణాలు సగటున స్వల్పమేనంటే, దాని మీదా ఇదే అభ్యంతరం వచ్చింది.

నా అంచనాలో హెన్స్‌లర్ లెక్క మామూలు రోగికి దగ్గరగానూ, దీర్ఘకాలం వాడినవారికి తక్కువగానూ ఉంది. ఎంత చిన్న శాతం తీసుకున్నా, కోట్ల మంది వాడే మందు విషయంలో అది లక్షల మంది మాట.

జబ్బు తిరగబెట్టడమా?

ఇది నిత్యం ఎదురయ్యే చిక్కుముడి. నిద్ర పట్టదు, ఏడుపొస్తుంది, గుండె దడ. మందు పోయినందుకా, జబ్బు మళ్లీ వచ్చినందుకా? తేడా పట్టుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. విరమణ లక్షణాలు రోజుల్లో వస్తాయి, జబ్బు సాధారణంగా వారాలు, నెలలు గడిచాక మెల్లగా కమ్ముకుంటుంది. కరెంటు షాకులు, తూలు నడక డిప్రెషన్ లక్షణాలు కావు. మందు మళ్లీ మొదలుపెడితే విరమణ బాధ ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది, జబ్బు అంత త్వరగా లొంగదు.

అలాగని తిరగబెట్టడం కట్టుకథ కాదు. 2021లో ప్రచురితమైన బ్రిటన్ 'యాంట్లర్' పరీక్షలో, కుదుటపడి మందు మానడానికి సిద్ధంగా ఉన్న 478 మందిని తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి మందు కొనసాగించినవారిలో 39 శాతం మందికి, మానినవారిలో 56 శాతం మందికి డిప్రెషన్ తిరిగొచ్చింది. మానేసిన ప్రతి నూరు మందిలో 44 మంది బాగానే ఉన్నారన్న సంగతీ, మందు వాడుతున్నా 39 మందికి తిరగబెట్టిందన్న సంగతీ అందులోనే ఉన్నాయి.

తగ్గించే పద్ధతి

పాత పద్ధతి నాలుగు వారాల్లో సగం, ఆపై పావు చేసి ఆపేయడం. లండన్‌లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో ఇది ఎందుకు విఫలమవుతుందో మెదడు స్కానుల ఆధారంగా వివరించారు. హొరోవిట్జ్ స్వయంగా మానసిక వైద్యుడు, ఈ మందు మానబోయి బాధపడినవాడు. సిటాలోప్రామ్ 60 మి.గ్రా. వేసుకుంటే సెరటోనిన్ రవాణా ప్రొటీన్లలో 88 శాతం మూసుకుపోతాయి. 40 మి.గ్రా.కు 86, 20 మి.గ్రా.కు 80, 9 మి.గ్రా.కు 70 శాతం. చివరికి 5.4 మి.గ్రా. వంటి చిన్న మోతాదు కూడా 60 శాతాన్ని మూసేస్తుంది. అంటే 60 నుంచి 40కి దిగినప్పుడు మెదడుకు రెండు శాతం తేడా, 5 నుంచి సున్నాకు దిగినప్పుడు దాదాపు అరవై శాతం తేడా. మిద్దె మెట్లన్నీ జానెడు ఎత్తుండి, ఆఖరి మెట్టు ఒక్కటే నిలువెత్తు ఉన్నట్లు. కాబట్టి మోతాదు తగ్గే కొద్దీ తగ్గింపు ఇంకా చిన్నది కావాలని, 2.3, 0.8 మి.గ్రా. వంటి మోతాదుల మీదుగా నెలల తరబడి దిగాలని వారి సూచన.

అంత చిన్న మాత్రలు కంపెనీలు చేయవు. బ్రిటన్‌లో కొన్ని మందులు ద్రవరూపంలో దొరుకుతాయి. వెన్లఫాక్సిన్ క్యాప్సూల్ విప్పి, లోపలి ఆవగింజలంత పూసలను లెక్కపెట్టి రోజుకు కొన్ని చొప్పున తగ్గించుకున్నవారున్నారు. నెదర్లాండ్స్‌లో పీటర్ గ్రోట్, జిమ్ వాన్ ఓస్ పూనికతో రోజురోజుకూ మోతాదు తగ్గే చిన్న సంచుల దండలు తయారయ్యాయి. వాటిని వాడిన 895 మందిలో 71 శాతం మంది మందు మానగలిగారని 2018లో ప్రచురించారు. పోల్చడానికి మరో గుంపు లేని అధ్యయనమది. ఈ నిదాన పద్ధతి అందరికీ అవసరమన్న రుజువు ఇంకా బలంగా లేదు. కొద్ది నెలలు మాత్రమే వాడినవారు చాలామంది కొన్ని వారాల్లోనే సాఫీగా మానేస్తారు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలను మాత్రం నలగగొట్టకూడదు.

భారతదేశంలో

మన దగ్గర సమస్య ఆకారం వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన తీవ్ర డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేకపోయినా ఇక్కడి పరిస్థితి మెరుగని అనుకోవడానికి ఆధారం లేదు. "నరాల మందులు పడితే జీవితాంతం వాడాలట" అన్న భయం ఆ 85 శాతంలో ఎంతమందిని ఆస్పత్రి గడప తొక్కనివ్వలేదో ఎవరూ లెక్కగట్టలేదు. విరమణ లక్షణాల గురించి తెలుగులో రాసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

మొదలుపెట్టినవారిది ఇంకో బాధ. కాస్త తేరుకోగానే "ఇంకెందుకు" అని ఇంట్లోవాళ్లే ఆపేయిస్తారు. లేదా డాక్టరును మళ్లీ కలవకుండా పాత చీటీ మీదే మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మందులు నిండుకున్నాక అక్కడి ఫార్మసీలో ఇక్కడి చీటీ చెల్లదని తెలుసుకుంటారు.

వీటన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోవలసినది జంట మాత్ర. ఎసిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపిన మాత్ర మన షాపుల్లో మామూలు సరుకు. క్లోనజెపామ్ బెంజోడయాజెపిన్, హెదర్ ఆష్టన్ క్లినిక్ పెట్టి మాన్పించిన జాతి మందు. దీర్ఘకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. రోజూ ఒకే బిళ్ల మింగే రోగికి తాను రెండు మందులు వాడుతున్నానని, అందులో ఒకటి నిజంగానే అలవాటయ్యే రకమని తెలియదు. స్ట్రిప్ వెనకవైపు చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటే, ఇది ఎంతకాలం వాడాలో, ఏది ముందు ఎలా తగ్గించాలో డాక్టరును అడిగి రాయించుకోవాలి.

నైస్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, ఇలాంటి మందు మొదలుపెట్టేటప్పుడే ఆపడంలో వచ్చే ఇబ్బందుల గురించి డాక్టరు రోగితో మాట్లాడాలి. మన డాక్టరు ఆ మాట ఎత్తకపోతే రోగే ఎత్తవచ్చు. మందు వాడుతున్నవారు దీన్ని చదివి సొంతంగా ఆపవద్దు, మోతాదు తగ్గించవద్దు. మానే ప్రయత్నంలో తట్టుకోలేని ఆందోళన గానీ, చనిపోవాలన్న ఆలోచన గానీ వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లేదా టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయాలి. ఆ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.